గుత్తి దాటినాక

కొత్త బస్టాండు ముందర కారు ఆపి
దస్తగిరమ్మ హారన్ కొట్టలేదు.
టీచరు కదా, వేలెత్తి పిలిచింది.
వెనక సీట్లో నీళ్ళ క్యాను, ఒక గొడుగు,
దిద్దాల్సిన తెలుగు పేపర్ల కట్ట.
"పా, ఎండ ముదరకముందే డోన్ దాటాల."

పోతున్నది అనంతపురానికి.
పిల్లల్ని బడికి పంపకుండా ఇంట్లోనే చదివించుకునేవాళ్ళ సభ.
నేను పంపనిదాన్ని.
ఆమె, మా మద్దిలేటి పేరు
హాజరు పట్టీలోంచి కొట్టేసిన మనిషి.

ఏడాదిగా మేం ఉల్లిగడ్డల ధర మాట్లాడుకున్నాం,
ఆమె మోకాలు, నా మిషన్ మోటారు మాట్లాడుకున్నాం.
ఆ గీత గురించి మాట్లాడుకోలేదు.

వెల్దుర్తిలో ఉగ్గాని తిన్నాం.
మిరపకాయ బజ్జీ కొరికి, కళ్ళు తుడుచుకుని
"కారం" అందామె.
"కారమే" అన్నాన్నేను.

ప్యాపిలి దాటినాక
మొన్నటి వానకు తడిసిన ఎర్రచేలల్లో
గొంతుక్కూచున్న మనుషులు, తలలొంచి
వజ్రాలు వెతుకుతున్నారు.
దస్తగిరమ్మ కారు నిదానం చేసింది.
"ఆ నీలం చొక్కా మా ఆరో తరగతి పిల్లోడే!
జొరమని చీటీ పంపించినాడు."
అద్దం దించబోయింది. మళ్ళీ ఎత్తేసింది.
"ఏం అడుగుదునులే...
నేనూ జొరమనే రాసిచ్చి వచ్చినా."

నవ్వీ నవ్వీ
గుత్తి కోట ఎప్పుడొచ్చిందో చూడలేదు.

పామిడిలో నేను గుడ్డ ముక్కలు బేరమాడతాంటే
పక్కన నిలబడి, గుడ్డకేసి చూస్తూ అడిగింది:
"వానికి చదవడం వచ్చిందా?"

ఏం చెప్పాలి.
ఆరేళ్ళప్పుడు వాడు గోడగడియారం విప్పి
మళ్ళీ బిగించాడు.
తొమ్మిదేళ్ళకు 'ళ' పలకమని లేపి నిలబెడితే
నిక్కరు తడుపుకున్నాడు.
ఇప్పుడు నా టేపు మీద అంకెలు చదువుతాడు,
జాకెట్ల లెక్క నాకన్నా ముందు తేలుస్తాడు.
'ళ' దగ్గర ఇంకా ఆగుతాడు.
నేను తొందర పెట్టను.
"వస్తాంది" అన్నా.

సభ జరిగేది ఒక పెళ్ళి మంటపంలో.
వేదిక వెనక థర్మాకోల్ అక్షరాలు ఇంకా అతికే ఉన్నాయి,
ఎవరో వధువు, సగం రాలిన వరుడు.
బెంగళూరు నుంచి వచ్చినోళ్ళు
పేర్లు తిరగని పద్ధతుల గురించి చెప్పారు.
పిల్లలకు ఒక గది, గదికి ఒక కిటికీ,
కిటికీ అవతల తోట కావాలట.
నేను చెప్పులు కుర్చీ కిందికి జరుపుకున్నా.

మైకు నా దాకా వచ్చింది.
"మీ టైంటేబులు?"
"పొద్దున కాజాలు, గుండీలు.
మధ్యాహ్నం గుణింతం.
కరెంటు పోతే కథలు."
కొందరు నవ్వారు, మంచిగానే.
ఒకావిడ పుస్తకంలో రాసుకుంది.

అప్పుడొక పెద్దాయన అడిగాడు,
ఈ హాల్లో బడి టీచర్లెవరన్నా ఉన్నారా అని.
ఫ్యాన్ల చప్పుడు.
చివరి వరసలో ఒక చెయ్యి లేచింది,
ఒకటో తరగతి పిల్లది లేపినట్టు, మోచేయి వంచి.
"హాజరు" అంది దస్తగిరమ్మ.
ఇంకేమీ చెప్పలేదు. ఎవరూ అడగలేదు.

తిరుగు ప్రయాణంలో, గుత్తి దాటినాక,
లారీ వెలుగుల్లో ఆమె ముఖం
కనబడుతూ పోతూ ఉంటే చెప్పింది:
"పదహారు పిలుస్తా.
నోరు పదిహేడు అనేస్తాది.
పిల్లోళ్ళంతా వెనక్కి తిరిగి ఖాళీ బెంచీకల్ల చూస్తారు.
ఈ ఏడు కొత్తోళ్ళు నలుగురు చేరినారు.
ఆ నంబరు ఎవరికీ ఇయ్యలేదు."

రమ్మని అడగలేదు.
పంపుతానని నేననలేదు.
ఒడిలో పామిడి గుడ్డ మడత పెట్టి, విప్పి,
మళ్ళీ మడత పెట్టా.

డోన్ దీపాలు కనబడినాక అడిగింది,
"ఆ గడియారం ఇంకా తిరుగుతాందా?"
"తిరుగుతాంది. ఐదు నిమిషాలు ముందుకు పోతాది."
"మా బడిది పది వెనక్కి" అని
గేరు మార్చింది.

వెనక సీట్లో పేపర్ల కట్ట
ఒక్కటీ దిద్దలేదు.